తొలకరి జల్లు – పెరటి తోట

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులునని పెద్దలు ఊరక చెప్పలేదు. ఆ ఎండల నోర్చిన పెరటిపై మృగశిరలో సన్నని జల్లు పడుచుండగా అరుగుమీద కూర్చుండి చూచుట కంటె మించిన సుఖము కలదా? అందులో పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన సంగతియు కొంత కలదు.

హైదరాబాదునకు పడమటనున్న మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ఒకనాడు గ్రామములే. మాదాపూరు ప్రక్కనున్న దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటకు మంచినీరిచ్చినది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప అచ్చట అద్దాల మేడలు వరుసగా లేచినవి. అయినను అక్కడక్కడ పాత ఇండ్ల వెనుక పెరడు మిగిలియే యున్నది. అట్టి యొక పెరటిలో, మునగచెట్టు చెంత, మేము తొలకరిని చూచితిమి.

మొదట వచ్చునది వాసన. ఎండకాలమున మట్టిని, రాళ్లను అంటియుండు మొక్కల నూనెలును, నేలలోని సూక్ష్మజీవులు తయారుచేయు జియోస్మిన్ అను పదార్థమును చినుకు తాకిడికి గాలిలోనికి లేచుటయే దీనికి కారణము. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు దీనికి పెట్రికోర్ అని పేరిడిరి. కుంభవృష్టి కంటె మెత్తని జల్లునందే ఈ పరిమళ మధికము. కన్నౌజు పట్టణమువారు కాల్చిన మట్టినుండి దీనినే అత్తరుగా తీయుదురు. మనకు అది ఊరకనే లభించుచున్నది!

పెద్ద చినుకులు మట్టిని కొట్టి పైన పెచ్చు కట్టించును. నీరు లోనికి దిగక పారిపోవును. సన్నని జల్లు అట్లు కాదు. ఎర్ర చెలక నేల దానిని మెల్లగా త్రాగును. నూరు చదరపు మీటర్ల పెరటిపై 10 మిల్లీమీటర్ల వాన పడినచో వేయి లీటర్ల నీరు. పదునైదు లీటర్ల బిందెతో మోసినచో అరువదియారు బిందెలు! మేము చూచిన పెరటి ప్రక్క యింటివారు నేలనంతయు సిమెంటు చేయించిరి. వారి నీరు నిమిషములలో వీధి పాలయినది. వేసవిలో ఆ ప్రాంతమునకు నీరు టాంకర్లపై వచ్చుచుండుట వింత కాదు.

నగరపు అంచుననున్న గ్రామములలో నేడు ఇదే సిమెంటు ముచ్చట బయలుదేరినది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము వాననీటిని నిలుపుకొనుమనుచున్నది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము (2018) ప్రకారము పంచాయతీ బడ్జెటులో పదియవ వంతు పచ్చదనమునకు కేటాయింపవలెను. ఇల్లు కట్ట అనుమతి కోరి వచ్చు గ్రామస్థునితో పెరటి మాట ఎత్తుటకు మాత్రము బడ్జెటు అక్కరలేదు.

ఒక్క జల్లుకే విత్తనము చల్లరాదు. మేమొకయేడు తొందరపడి పుంటికూర చల్లితిమి. మొలచినది, వారము దినములు వాన లేక మాడినది. పది మిల్లీమీటర్ల వాన ఎండిన నేలలో జానెడు లోతైనను దిగదు. కొడవలి కొనతో త్రవ్వి తడి చూచిన పిమ్మటనే బెండ, గోరుచిక్కుడు, తోటకూర విత్తవలెను. పాదులలో ఎండుటాకులు పరచినచో ఆ తడి ఆరదు.

జల్లు వెలసిన పిదప ఎర్రని మఖమలు వంటి ఆరుద్ర పురుగులు బయటికి వచ్చును. అవి మొక్కలకు హాని చేయవు, చెదలను తినును. పిల్లలు వానిని అగ్గిపెట్టెలలో దాచుకొందురు. కొంతసేపు చూడనిచ్చి, మరల పెరటిలోనే విడిపింపుడు.