స్థూలకాయులైన పిల్లలు – కాలేయమున కొవ్వు

గత వేసవిలో పదకొండేండ్ల బాలుని వెంటబెట్టుకొని తల్లియు, నాయనమ్మయు మా వైద్యశాలకు వచ్చినారు. బాలుని బరువు 61 కిలోలు. కడుపునొప్పికని తీయించిన స్కానింగులో ‘ఫ్యాటీ లివర్’ అని వ్రాసియున్నది. "త్రాగుబోతులకు వచ్చు జబ్బు పసివానికెట్లు వచ్చినదండీ? కాలేయానికి మంచి టానిక్కు వ్రాయండి" అని తల్లి కన్నీరు పెట్టుకొన్నది. బాలుని మెడ వెనుక చర్మము నల్లబడి మందమెక్కి యున్నది. మురికి అనుకొని ఆమె దినమూ పీచుతో రుద్దుచున్నదట! అది మురికి కాదు. స్థూలకాయులలో ఇన్సులిన్ ఎక్కువై సరిగా పనిచేయకుండుటకు అది గుర్తు.

రక్తపరీక్షలో ఎస్.జి.పి.టి. 38 వచ్చినది. కాగితముపై ‘40 వరకు సహజము’ అని అచ్చు వేసియుండుటచే ఇంటివారు భయము లేదనుకొన్నారు. ఆ హద్దు పెద్దలది. ఉత్తర అమెరికా బాలల జీర్ణకోశ వైద్యుల సంఘము 2017లో బాలురకు 26, బాలికలకు 22 హద్దుగా గ్రహించినది. అంక సహజముగా నున్నను కాలేయమున కొవ్వు ఉండవచ్చును. నొప్పి లేకుండనే కొందరిలో అది వాపుగాను, గట్టిదనముగాను మారును.

చరకాచార్యుడు సూత్రస్థానము 21వ అధ్యాయమున స్థౌల్యమునకు కారణములు చెప్పినాడు: అతిభోజనము, గురు మధుర శీత స్నిగ్ధ పదార్థములు, వ్యాయామము లేకుండుట, పగటినిద్ర, బీజస్వభావము. తల్లిదండ్రులు తప్పక తెలిసికొనవలసిన మాట యొకటి అందులోనే కలదు. మేదస్సుచే మార్గములు మూసుకొనగా వాయువు కోష్ఠముననే తిరుగుచు జఠరాగ్నిని రగుల్చును. అందుచే స్థూలునకు ఆకలి అధికము. కావున "తిండిపోతు" అని నలుగురిలో బిడ్డను ఎగతాళి చేయుట అన్యాయము. వాని ఆకలి నిజమైన ఆకలియే.

ఇక తీపి సంగతి. శీతలపానీయము 300 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 30 గ్రాముల చక్కెర యుండును. చక్కెరలోని ఫ్రక్టోజును కాలేయము కొవ్వుగా మార్చగలదు. నాయనమ్మగారు, "చక్కెర మాన్పించినానండీ, బెల్లము పాలే ఇచ్చుచున్నాను" అన్నారు. బెల్లమైనను ఈ విషయమున చక్కెరకు తోబుట్టువే. స్థౌల్యమున తేనెను శాస్త్రము మెచ్చినది. అయినను ఈ పిల్లలకు నేను తేనెనీరు ఇచ్చుట లేదు. పండ్ల రసము కూడ వలదు, పండును పండుగానే తినవలెను.

2019లో అమెరికాలో 11–16 ఏండ్ల బాలురు 40 మందితో ఒక పరీక్ష జరిగినది. కొందరికి ఎనిమిది వారములు తీపి దాదాపు మాన్పింపగా, వారి కాలేయపు కొవ్వు సగటున నూటికి 25 పాళ్ల నుండి 17కు తగ్గినది. ఆ తిండిని ఇంటిల్లిపాదికిని అమర్చినారు. నాకు మిక్కిలి నచ్చినది ఆ ఏర్పాటే. తండ్రి జిలేబీ తినుచు కుమారునికి పథ్యము చెప్పిన అది సాగునా?

టానిక్కు నేను వ్రాయలేదు. పెరుగు వయసు గనుక లంఘనము, విరేచనము కూడ చేయింపరాదు. కాలేయానికి మంచిదని తిప్పతీగను ఇంటిలో కాచి పోయుచున్నారు. 2021లో ముంబయి వైద్యులు దానిని సేవించిన ఆరుగురిలో కాలేయము దెబ్బతినినదని ప్రకటించినారు. తీగను పోల్చుటలో పొరపాటు జరిగియుండునని ఆయుష్ మంత్రిత్వశాఖ వాదించినది. వాదమెట్లున్నను, పసివాని కాలేయముపై ప్రయోగము వలదు.

చరకుడు చెప్పిన సూత్రము గురు–అపతర్పణము: కడుపు నిండవలెను, మేదస్సు పెరుగరాదు. కొర్రలు, అరికలు, జొన్నలు, పెసలు, ఉలవలు ఆయన పేర్కొన్న ధాన్యములే. ఉదయము జొన్నరొట్టె, పెసరకట్టు. మధ్యాహ్నము కొర్రన్నము కొలతగా, కూర రెట్టింపుగా, వెన్న తీసిన పలుచని మజ్జిగ. రాత్రి ఎనిమిదిలోపు భోజనము. అన్నమైనను కొర్రలైనను మితము తప్పరాదు. సాయంకాలము గంటసేపు చెమట పట్టునట్లు ఆట.

ఎత్తు పెరుగుచుండగా బరువు నిలిచియున్నను చాలా పిల్లలలో అది గుణమే. ఈ బాలుడు ఏడు నెలలలో 3 సెంటీమీటర్లు పెరిగి 59 కిలోలకు వచ్చినాడు, ఎస్.జి.పి.టి. 27. మెడ నలుపు ఇంకను పూర్తిగా పోలేదు. పీచు మాత్రము మానినారు.

ఎస్.జి.పి.టి. 80 దాటినను, కామెర్లు కనబడినను, సన్నని బిడ్డకే కాలేయమున కొవ్వు చేరినను ఇంటివైద్యముతో కాలయాపన చేయక పిల్లల కాలేయ నిపుణునికి చూపవలెను. రాగి పేరుకొను వ్యాధి, వైరస్ కామెర్లు మొదలగువాటిని వారే పరీక్షించి తేల్చగలరు.