మలుపులో కారు వెనుకభాగము జాఱుట: దానిని వశపఱచుకొను విధము

పత్తర్‌గట్టి వీథిలో నడచినవారెల్లరు తోపుడు బండ్ల నెఱుగుదురు. 1908వ సంవత్సరపు మూసీ వఱదల తరువాత నగరాభివృద్ధి సంఘమువారు కట్టించిన యా రాతి కమానుల అంగళ్ళ నడుమ, బట్టల మూటలతో నిండిన బండి గుల్జార్ హౌజు చుట్టు తిరుగునపుడు దానిని త్రోయువాడు చేయు పనిని మన బాలు రొక్కసారియైన నిలిచి చూడవలెను. మలుపునకు నాలుగడుగుల ముందే యతడు వెనుకకు వాలి బండిని నెమ్మదింపజేయును. మలుపు నడుమ నాపడు, బలముగా త్రోయనుత్రోయడు. మలుపు దాటి బండి ముక్కు తిన్ననైన పిదపనే మరల భుజమానించి త్రోయును. అతనికి యంత్రశాస్త్రము నెవ్వరును బోధింపలేదు. బరువైన బండిని వంపులో నదిలించినచో దాని తోక ప్రక్కకు పోవునని యనుభవమే నేర్పినది.

2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్ సాగరపు గట్టున విద్యుత్కార్ల పందెము జరిగినపుడు, పాతనగరమునుండి మన పాఠశాలకు వచ్చు బాలురు పలువురు దానిని గూర్చి నన్ను ప్రశ్నించిరి. వారి ప్రశ్న లన్నియు నొకదానియందే చేరెను: "అయ్యా, అంత వేగముతో మలుపు తిరుగునపుడు కారు వెనుకభాగము ప్రక్కకు జాఱిన యెడల నడుపువాడు దానిని మరల నెట్లు దారికి దెచ్చును?" ప్రశ్న మంచిదే. కాని అడిగినవారిలో నిద్దఱు మోటారు సైకిళ్ళను మన గేటు ముందఱ నెట్లు త్రిప్పుదురో చూచినవాడ నగుటచే, ప్రత్యుత్తరమును కొంత విపులముగానే వ్రాయ నిశ్చయించితిని. తల్లిదండ్రులు కూడ చదువుదురుగాక.

ముందుగా రెండు మాటల నర్థము చేసికొనవలెను. మలుపులో ముందు చక్రములు పట్టు దప్పినచో, స్టీరింగు ఎంత త్రిప్పినను కారు తిరుగక నేరుగా పోవును. దీనిని అండర్‌స్టీర్ అందురు. వెనుక చక్రములు పట్టు దప్పినచో తోక వంపు వెలుపలికి జాఱి, ముక్కు మనము కోరినదానికంటె నెక్కువగా లోపలికి తిరుగును. ఇది ఓవర్‌స్టీర్. మొదటిది మందబుద్ధి గల యెద్దువంటిది, రెండవది బెదరిన గుఱ్ఱమువంటిది. వేగముగా పోవుటకై నిర్మింపబడిన కార్లలో ననేకము ఇంజను శక్తిని వెనుక చక్రములకే యిచ్చునవి గావున, వానిని నడుపువానికి రెండవదానితోనే తఱచు పని గలుగును.

ఇక కారణము. కారును రోడ్డునకు బట్టియుంచునవి నాలుగు టైర్లు. ఒక్కొక్కటి నేలను తాకు చోటు మన యరచేతికంటె నెంతో పెద్దది కాదు. వాని పట్టునకు మితి గలదు. ఆ పట్టులో కొంత మలుపు తిరుగుటకు, కొంత వేగము హెచ్చించుటకో తగ్గించుటకో వినియోగపడును. ఈ రెండును పరస్పరము లంబదిశలలో నుండుటచే నిచ్చట కూడిక పనికిరాదు; పైథాగరసు సిద్ధాంతము పనిచేయును. ఒక టైరు పట్టు మొత్తము 5 పాళ్ళనుకొనుడు. మలుపునకు 4 పాళ్ళు ఖర్చయినచో, ముందుకు త్రోయుటకు మిగులునవి 3 పాళ్ళే. (16, 9 కలిసి 25 గదా.) మలుపునకే 5 పాళ్ళును ఖర్చయినచో మిగులునది సున్న. ఆ క్షణమున యాక్సిలరేటరును కొంచె మదిమినను వెనుక టైరు జాఱక మానదు. జ్యామితి నేల చదువవలెనని యడుగు బాలుర కిదియొక ప్రత్యుత్తరము.

రెండవ కారణము మఱింత మోసకరమైనది. కారు నెమ్మదించునపుడు బరువు ముందుకు పోవును. 1000 కిలోగ్రాముల కారు నొకదానిని దీసికొందము. నిలిచియున్నపుడు ముందు చక్రములపై 600, వెనుక చక్రములపై 400 ఉన్నవనుకొందము. చక్రముల నడిమి దూరము 2.4 మీటర్లు, గురుత్వకేంద్రపు టెత్తు 0.55 మీటర్లు. గురుత్వవేగములో సగముపాటిగా బ్రేకు వేసినచో, 1000ని 0.5తోను 0.55తోను గుణించి 2.4తో భాగింపగా రమారమి 115 కిలోగ్రాములు వచ్చును. అంత బరువు వెనుకనుండి ముందుకు పోవును. వెనుక 285 మాత్రమే మిగులును. బరువు తగ్గినచోట పట్టు తగ్గును. కాబట్టి మలుపు నడుమ భయపడి బ్రేకు త్రొక్కినవాడు, తోకను నిలుపవలసిన టైర్లనుండి తానే బరువును లాగివేయుచున్నాడు. బ్రేకు త్రొక్కక, యాక్సిలరేటరుపైనుండి పాదమును హఠాత్తుగా దీసినను కొంతవఱ కిదే జరుగును. 1963లో లోకమునకు జూపబడిన పోర్షే 911 అను జర్మను కారులో ఇంజను వెనుక యిరుసునకు గూడ వెనుకనే యుండుటచే, ఆ బరువు గడియారపు లోలకమువలె ఊగి, మలుపులో పాదము దీసినవారిని గిరగిర త్రిప్పెడిదని ఆ కాలపు చోదకులు దానిని వెఱపుతో చెప్పుకొనెడివారు.

ఈ సంగతిని కారు లేకయే పరీక్షింపవచ్చును. ఒక మీటరు పొడవుగల నున్నని పలక నొకవైపు బాగుగ నెత్తి పెట్టుడు. చక్రములు తేలికగా తిరుగు బొమ్మకారును దీసికొని, ముందు చక్రములు తిరుగకుండ రబ్బరు పట్టీతో బిగించి, ముక్కు క్రిందివైపునకుంచి విడువుడు. అది తిన్నగా జాఱి దిగును. ఇప్పుడు ముందు చక్రములను విడిచి వెనుక చక్రములను బిగింపుడు. కొంచెము దూరము పోవునంతలో కారు గిఱ్ఱున తిరిగి, తోక ముందుగా క్రిందికి వచ్చును. దొర్లుచున్న చక్రము ప్రక్కకు పోవుట కెదురు నిలుచును. జాఱుచున్న చక్రమునకు దిక్కు తెలియదు. అందుచే తిరుగగల చక్రములు వెనుకబడి, తిరుగలేని చక్రములు ముందునకు వచ్చును. సినిమాలలో హ్యాండ్ బ్రేకు లాగి కారును త్రిప్పు వీరుల రహస్య మింతే. దీనికై రోడ్డున కెక్కనక్కఱ లేదు, పలక చాలును.

తోక జాఱిన తరువాత చేయవలసినదేమి? కన్ను, పాదము, చేయి అను మూడింటికిని పని గలదు. ఆ పనులన్నియు ఒక్క సెకండులోపల జరుగవలెను. కన్ను తాను పోగోరు దారిని చూడవలెను, తా నేవైపు పోవుచున్నాడో ఆవైపు కాదు. చేతులు స్టీరింగును తోక జాఱుచున్న వైపునకు త్రిప్పవలెను. ఎడమ మలుపులో తోక కుడికి జాఱును గనుక స్టీరింగును కుడికి త్రిప్పవలెనన్నమాట. అట్లు చేసినచో ముందు చక్రములు మరల దారివైపు తిరుగును. పాదము విషయములో కారణము నెఱిగి నడుచుకొనవలెను. యాక్సిలరేటరు నతిగా త్రొక్కుటచే జాఱినయెడల, దానిని మెల్లగా సడలింపవలెను, ఒక్కసారిగా విడువరాదు. పాదమును హఠాత్తుగా దీయుటచే జాఱినయెడల, బరువు మరల వెనుకకు వచ్చునట్లు కొంచెము త్రొక్కవలెను. రెండింటను బ్రేకు జోలికి పోరాదు.

ఇంతవఱకు పలువురు నేర్తురు. పలువురు చెడునది దీని తరువాతనే. వెనుక టైర్లు మరల పట్టు చిక్కించుకొన్న క్షణమున తోక వేగముగా వెనుకకు వచ్చును. అప్పటికిని స్టీరింగు కుడివైపుననే యున్నచో కారు కుడికి విసరబడి, తోక ఎడమకు జాఱును. ఈ రెండవ యూపు మొదటిదానికంటె బలమైనది. చాల కార్లు రోడ్డు దాటిపోవున దీ రెండవ యూపుననే. కావున తోక తిరిగి వచ్చుటకు ముందే చేతులు స్టీరింగును తిన్నన చేయ నారంభింపవలెను. త్రిప్పుట యెంత శీఘ్రముగా జరుగవలెనో, విడుచుటయు నంత శీఘ్రముగానే జరుగవలెను. ఇక కారు పూర్తిగా గిరగిర తిరిగిపోయినచో యుక్తు లన్నియు మాని క్లచ్చిని, బ్రేకును రెండింటిని గట్టిగా త్రొక్కి యుంచుటయే మిగిలినది.

ఇవన్నియు పుస్తకమునుండి మాత్రమే వ్రాయుచున్నవాడను గాను. నా యౌవనమున మా చిన్నాయనగారి పాత కారును, వెనుక టైర్లు నున్నగ నరిగినదానిని, తొలకరి వాన కురిసిన నాటి సాయంకాలమున గండిపేట దారిలో నడిపితిని. తొలివాన రోడ్డుమీది దుమ్మును, నూనెను కలిపి సబ్బు చేయునని నే నప్పటికి గ్రహింపలేదు. ఒక యెడమ మలుపులో తోక జాఱెను. మొదట బ్రేకు త్రొక్కితిని, అది మొదటి తప్పు. ఆలస్యముగా స్టీరింగు త్రిప్పితిని, అది రెండవది. త్రిప్పి యట్లే పట్టుకొంటిని, అది మూడవది. కారు రెండుసార్లు ఊగి, ఒక చింతచెట్టునకు జానెడు దూరమున బురదలో నిలిచెను. ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. ప్రక్కన కూర్చున్న చిన్నాయన చాలసేపు మాటాడలేదు. పిదప, "నీ చూపు చెట్టుమీదనే యున్నదిరా, బండి మఱి యెచ్చటికి పోవును?" అని మాత్ర మనెను. ఆ మాట నాకు జ్ఞాపకమున్నట్లు, చదివిన యే సూత్రమును జ్ఞాపకము లేదు.

ఇప్పటి కార్లలో ఈ పనిని కొంతవఱకు యంత్రమే చేయుచున్నది. 1995లో బాష్, మెర్సిడీస్ బెంజ్ సంస్థలు వాడుకకు దెచ్చిన స్థిరత్వ నియంత్రణ సాధనము, స్టీరింగు ఎంత తిరిగినదో, కారు నిజముగా నెంత తిరుగుచున్నదో సెకండునకు పలుమార్లు పోల్చి చూచును. తోక జాఱుచున్నట్లు తోచినచో, వంపునకు వెలుపలనున్న ముందు చక్రమున కొక్కదానికే బ్రేకు వేసి, ముక్కును వెలుపలికి లాగును. ఒక్క చక్రమునకే బ్రేకు వేయుట మన పాదమునకు సాధ్యము కాదు. 1997లో స్వీడను దేశమున అడ్డమువచ్చు జంతువును తప్పించు పరీక్షలో మెర్సిడీసువారి చిన్న కారొకటి బోర్లపడిన పిమ్మట, ఆ సంస్థ యీ సాధనమును ఆ కార్లన్నింటికి నమర్చెను. అయినను ఇది లేని పట్టును సృష్టింపలేదు, ఉన్న పట్టును పంచగలదు, అంతే. కొందఱు యువకులు గొప్పకొఱకు దీనిని ఆపివేసి నడుపుదురని విన్నాను. అది గొడుగును మూసి వానలో నడచుట వంటిది.

ఇప్పుడు మన బాలుర పందెమునకు వత్తము. హుస్సేన్ సాగరపు టొడ్డున, సచివాలయపు చెంతను, ఎన్.టి.ఆర్. మార్గమును కలుపుకొని వేసిన యా బాట నిడివి రమారమి 2.83 కిలోమీటర్లు, మలుపులు 18. ఇరుప్రక్కల నడ్డుగోడలే. జాఱినచో నిలుచుటకు చింతచెట్టు క్రింది బురదయైన లేదు. ఆ కార్ల వెనుక చక్రములకు 350 కిలోవాట్ల వఱకు శక్తి యందును. విద్యుత్తు మోటారు గనుక త్రొక్కిన తక్షణమే బల మంతయు వచ్చును. ముందు మోటారు బ్రేకు వేయునపుడు శక్తిని తిరిగి బ్యాటరీకి జేర్చుటకే గాని త్రోయుటకు గాదు. అట్టి కారులో తోక నదుపులో నుంచుట యెంతటి పనియో యోచింపుడు. అయినను నెగ్గిన ఫ్రెంచి చోదకుడు జాన్ ఎరిక్ వెర్న్, వెనుకనే తఱుముచున్న నిక్ కాసిడీని దాటనీయక, శక్తిని పొదుపుగా వాడి మొదటివాడుగా వచ్చెను. తోకను జాఱనిచ్చి పొగలేపుట చూపఱకు వేడుకగా నుండునేమో. జాఱిన ప్రతిసారియు శక్తి వేడిమిగా మాఱి వ్యర్థమగును, టైరు పాడగును. పందెగాడు ఓవర్‌స్టీరును దిద్దుకొన నేర్చును గాని కోరి తెచ్చుకొనడు. ఆ పందెముననే ఒకే పక్షమునకు చెందిన రెండు జాగ్వారు కార్లు ఇఱుకు మలుపులో నొకదాని నొకటి ఢీకొని రెండును తొలగిపోయెను. 2024లో మన నగరమున మరల జరుగవలసిన యా పందెము జరుగలేదు.

గోడలు గట్టి, జనుల నావలనుంచి నడుపు బాట అది. మన వీథు లట్టివి కావు. 2019 నవంబరు 4వ తేదీన గచ్చిబౌలి కడ బయోడైవర్సిటీ కూడలిపై ఒక వంపు వంతెనను తెఱచిరి. దానిపై వేగపు పరిమితి గంటకు 40 కిలోమీటర్లు. ఆ నెల 23వ తేదీన ఒక కారు, పోలీసువారు చెప్పిన ప్రకారము 100 కిలోమీటర్లకు మించిన వేగముతో వచ్చి, వంపులో గోడ దాటి క్రింది రోడ్డుపై పడెను. క్రింద నిలిచియున్న యొక స్త్రీ మరణించెను. ఆమెకు ఆ కారుతో నే సంబంధమును లేదు. ఆ కారుకు ముందు చక్రములు జాఱెనా, వెనుకవి జాఱెనా యని విచారింప నక్కఱ లేదు. మలుపునకు కావలసిన బలము వేగపు వర్గముననుసరించి పెరుగును. 100ని 40తో భాగింప 2.5, దాని వర్గము 6.25. అనగా టైర్ల నుండి ఆఱింతలకు పైబడిన పట్టు నడుగుచున్నామన్నమాట. అంత పట్టు ఏ టైరునందును లేదు, ఏ చోదకుని చేతులలోను లేదు. ఆ వంతెనను మూసి, వేగనిరోధకములు మున్నగు నేర్పాట్లు చేసి, 2020 జనవరిలో మరల తెఱచిరి.

లెక్క నభ్యసింపగోరువారికి: వంపు వ్యాసార్ధము 20 మీటర్లు, ఆరిన రోడ్డున రాపిడి గుణకము 0.8 అనుకొన్నచో, 0.8ని 9.8తోను 20తోను గుణించి వర్గమూలము దీయగా సెకండునకు 12.5 మీటర్లు, అనగా గంటకు 45 కిలోమీటర్లు వచ్చును. అంతకు మించిన జాఱును. తడిసిన రోడ్డున గుణకము 0.4 అనుకొన్నచో 32 కిలోమీటర్లే. గుణకము సగమైనను వేగము సగము కాలేదేమని పై తరగతివారు యోచింపవలెను. 30, 50 మీటర్ల వంపులకు ఈ లెక్కను గట్టి, పట్టికగా వ్రాసి తెచ్చినచో నేను దిద్ది యిచ్చెదను. పలకయు, బొమ్మకారును ప్రయోగశాలలో కిటికీ ప్రక్క బీరువాలో నున్నవి.