ఐసీయూలో మామయ్యను చూడటానికి వెళ్తున్నారా?

ప్రశ్న: నా వయసు 22. మా మేనమామకు న్యుమోనియా ముదరడంతో విజయవాడలోని ఒక ఆసుపత్రిలో చేర్చారు. ఐసీయూలో వెంటిలేటర్ పెట్టారు. ఇన్నాళ్లూ అమ్మ ఒక్కతే వెళ్లి చూసి వస్తోంది. ఇప్పుడు నన్నూ రమ్మంటోంది. ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూడటానికి నేనెప్పుడూ వెళ్లలేదు. ఆయన్ని ఆ స్థితిలో చూసి తట్టుకోగలనా అని భయంగా ఉంది. మత్తులో ఉన్నారట. నేను మాట్లాడితే వినిపిస్తుందా? అమ్మమ్మ మావుళ్లమ్మ తల్లి కుంకుమ, తీర్థం ఇచ్చి, రెండు చుక్కలైనా నోట్లో వేసి రమ్మంటోంది. వేయొచ్చా?
– ఓ పాఠకురాలు, భీమవరం

జవాబు: ముందు తీర్థం సంగతి. ఒక్క చుక్క కూడా వేయకండి. వెంటిలేటర్ గొట్టం నోటి గుండా, స్వరపేటికను దాటుకుని శ్వాసనాళంలోకి వెళుతుంది. మత్తులో ఉన్నవాళ్లు సరిగా మింగలేరు. నోట్లో పోసిన నీళ్లు గొంతులో నిలిచి, గొట్టం పక్కనుంచి ఊపిరితిత్తుల్లోకి జారిపోవచ్చు. మీ మామయ్యకు జబ్బు చేసింది అక్కడే. గొట్టం తీసేశాక కూడా మింగడం మళ్లీ కుదురుకుందని డాక్టర్లు చూసి చెప్పేవరకు మంచినీళ్లు, కొబ్బరినీళ్లు ఏవీ పట్టకూడదు. కుంకుమ మాత్రం నర్సును అడిగి, సరేనంటే నుదుటన చిటికెడు పెట్టండి. కొడుకు కోసం తీర్థం పంపిన తల్లికి ‘వేయనివ్వలేదు’ అని ఒక్క ముక్కలో చెబితే ఆమె మనసు కష్టపడుతుంది. ఎందుకు వేయకూడదో కూర్చోబెట్టి వివరించండి. ఆమె అర్థం చేసుకుంటారు.

ఇక లోపల ఏం కనిపిస్తుందో ముందే తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ఆయన ముఖం, చేతులు ఉబ్బి ఉండవచ్చు. ఇన్‌ఫెక్షన్ తీవ్రంగా ఉన్నప్పుడు రక్తనాళాల్లోంచి నీరు కండరాల్లోకి, చర్మం కిందికి చేరుతుంది. ఎక్కించే సెలైన్ కూడా దానికి తోడవుతుంది. కోలుకునేకొద్దీ ఆ వాపు తీస్తుంది. నోట్లో గొట్టం, అది కదలకుండా ప్లాస్టర్, ముక్కులో ఆహారం పంపే సన్నని గొట్టం, మెడ దగ్గర మందులెక్కించే లైన్, మంచం పక్కన మూత్రం సంచి ఉంటాయి. కొందరికి చేతులు మంచానికి మెత్తటి పట్టీలతో కట్టి ఉంచుతారు. చాలామంది బంధువులు అది చూసి ఏడ్చేస్తారు, కొందరు నర్సుల మీద కోప్పడతారు. సగం మెలకువలో రోగి తెలియకుండానే గొట్టం పీకేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, అందుకే కడతారు. ఎందుకు కట్టారో, ఎప్పుడు విప్పుతారో అడిగే హక్కు మీకుంది. మీరుగా మాత్రం విప్పకండి.

మానిటర్ మోగిన ప్రతిసారీ గుండె గుభేల్‌మంటుంది. వేలికి పెట్టిన క్లిప్ జారినా, రోగి కదిలినా, దగ్గినా అది మోగుతుంది. ఏ మోతకు పరిగెత్తాలో నర్సులకు తెలుసు. మీకిచ్చే పది నిమిషాలూ ఆ అంకెలు చూస్తూ గడిపేయకండి, మామయ్య ముఖం చూడండి.

వినిపిస్తుందా అంటే, మత్తు ఎంత లోతుగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. గాఢమైన మత్తులో పెద్దగా తెలియకపోవచ్చు. మత్తు తగ్గిస్తున్న దశలో కళ్లు తెరవకపోయినా మాటలు చెవిన పడవచ్చు. అందుకని వింటున్నారనే అనుకుని మాట్లాడండి. చెయ్యి పట్టుకుని మీరెవరో చెప్పండి. ఏ ఊళ్లో, ఎక్కడ ఉన్నారో, ఇవాళ ఏ వారమో చెప్పండి. అమ్మమ్మ ఇంట్లో క్షేమంగా ఉందని చెప్పండి. ఐసీయూలో రాత్రీ పగలూ ఒకే వెలుగు, ఒకే చప్పుడు. దానికి జబ్బు, మందులు తోడై చాలామందికి అయోమయం కమ్ముతుంది. లేనివి కనిపిస్తాయి, అయినవాళ్లనే అనుమానిస్తారు. రేపు మెలకువ వచ్చాక ఆయన మిమ్మల్ని గుర్తుపట్టకపోయినా, ఏదో తిట్టినా మనసులో పెట్టుకోకండి. ఎక్కువమందిలో అది మెల్లగా తగ్గిపోతుంది. అప్పుడు తెలిసిన గొంతు, వాడుకునే కళ్లజోడు చాలా ఉపయోగపడతాయి. కళ్లజోడు ఉంటే ఇప్పుడే నర్సుకు చెప్పి ఉంచండి. బిల్లుల గురించి, ‘ఇక కష్టమేనట’ లాంటి మాటలు మాత్రం మంచం దగ్గర వద్దు.

లోపలికి వెళ్లేముందూ, వచ్చాకా చేతులకు శానిటైజర్ వేళ్ల సందుల్లోకి, గోళ్ల దగ్గరికి వెళ్లేలా 20 నుంచి 30 సెకన్లు రుద్దుకోండి. మీకు జలుబు, దగ్గు, జ్వరం ఏది ఉన్నా ప్రయాణం మానుకోండి. వాంతులు, విరేచనాలు అయితే తగ్గాక మరో రెండు రోజులు ఆగండి. ఖాళీ కడుపుతో వెళ్లకండి. కళ్లు తిరిగినట్లనిపిస్తే మొహమాటపడకుండా నర్సుకు చెప్పి కూర్చోండి. ఏడుపు వస్తే బయటికొచ్చి ఏడవండి, అందులో తప్పేమీ లేదు.

డాక్టరుతో మాట్లాడేది ఇంట్లో ఒక్కరే అయితే మంచిది. అది మీరు చేయగలిగితే అమ్మ మీద భారం తగ్గుతుంది. అడగాల్సినవి కాగితం మీద రాసుకెళ్లండి: నిన్నటికీ ఇవాళ్టికీ ఆక్సిజన్ అవసరం తగ్గిందా, బీపీ నిలబెట్టే మందు తగ్గించారా, మత్తు ఎప్పుడు తగ్గిస్తారు. ఇన్ని రోజులుగా ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చుంటున్న మీ అమ్మ వేళకు తింటున్నారో లేదో, రోజూ వేసుకునే మాత్రలేమైనా ఉంటే వేసుకుంటున్నారో లేదో కనుక్కోండి. ఒక పూట ఆవిడను ఇంటికి పంపి మీరు ఉండండి.