కారు ఎత్తు తగ్గిస్తే చక్రాలకు ఏమవుతుంది?

ఖరగ్‌పూర్ అనగానే రైళ్లు గుర్తొస్తాయి. 1072.5 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నాటి పెద్ద వర్క్‌షాపు, రైల్వే పనికి వచ్చి తరతరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు, అన్నీ ఆ ఊరి గుర్తులే. రైలు పెట్టెలను బాగుచేసేవారికి బాగా తెలిసిన సంగతి ఒకటుంది. చక్రాలు అరిగేకొద్దీ పెట్టె కిందికి దిగుతుంది. ఐసీఎఫ్ రకం పెట్టెల్లో ఈ లోటు పూడ్చడానికి స్ప్రింగుల దగ్గర 13, 26, 38, 48 మి.మీ. మందం గల రింగుల్లో తగినదాన్ని వేస్తారు. పట్టాల నుంచి బఫర్ ఎత్తు 1105 మి.మీ. దాటకూడదు, 1030 మి.మీ. కంటే తగ్గకూడదు. అంత బరువైన పెట్టెకు కూడా మిల్లీమీటర్ల లెక్కే!

మరి అందం కోసం కారును ఒకేసారి 35 మి.మీ. కిందికి దించితే? పొట్టి స్ప్రింగులు వేయించుకున్నాక చాలామంది చెప్పే ఫిర్యాదులు మూడు: కారు ఎగిరెగిరి పడుతోంది, ఒక పక్కకు లాగుతోంది, టైర్లు త్వరగా అరిగిపోతున్నాయి. వీటి కారణాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

గట్టి స్ప్రింగు, తక్కువ చోటు

స్ప్రింగు ఎంత నొక్కుకుంటుందన్నది దానిపై పడే బలాన్ని బట్టి ఉంటుందని 17వ శతాబ్దంలో రాబర్ట్ హుక్ చెప్పాడు. ఉదాహరణకు, ఒక చక్రంపై 300 కి.గ్రా. బరువు పడుతోందనుకుందాం. పాత స్ప్రింగును 1 మి.మీ. నొక్కడానికి 20 న్యూటన్ల బలం, కొత్తదానికి 28 న్యూటన్ల బలం కావాలి. ఆ బరువు కింద కారు సహజంగా ఊగే వేగం సెకనుకు 1.3 సార్ల నుంచి 1.54 సార్లకు పెరుగుతుంది. పాత షాక్ అబ్జార్బర్ పాత స్ప్రింగుకు సరిపోయేలా చేసినది. కొత్త స్ప్రింగు ఊపును అది అంత బాగా ఆపలేదు. అందుకే గుంత దాటాక కూడా కారు ఊగుతూనే ఉంటుంది.

అసలు చిక్కు మరొకటి. సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు లోహానికి లోహం తగలకుండా బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మె అడ్డుపడుతుంది. దానికి చేరేలోపు పాత స్ప్రింగుకు 70 మి.మీ. చోటు ఉందనుకుంటే, కొత్తదానికి మిగిలేది 35 మి.మీ. మాత్రమే. స్ప్రింగు గట్టిదైనా, ఆ చోటులో అది తట్టుకునే శక్తి 49 జౌళ్ల నుంచి 17 జౌళ్లకు పడిపోతుంది. అంటే దాదాపు మూడో వంతు! ఇంటిల్లిపాదీ సామానుతో ఎక్కి ఆ చక్రంపై మరో 75 కి.గ్రా. పడితే స్ప్రింగు ఇంకో 26 మి.మీ. దిగుతుంది. మిగిలేది 9 మి.మీ. ఆపైన ప్రతి గతుకూ నేరుగా బాడీకి తగులుతుంది. చాలామంది 'స్ప్రింగు గట్టిగా ఉంది' అనుకునేది నిజానికి ఈ రబ్బరు దెబ్బే.

రైలు చక్రానికి ఉన్నది, కారు చక్రానికి లేనిది

రైలు చక్రం అంచు శంకువులా, సుమారు 20కి 1 వాలుతో ఉంటుంది. ఇరుసు ఒక పక్కకు జరిగితే ఆ పక్క చక్రం పెద్ద వ్యాసంపై, రెండోది చిన్న వ్యాసంపై దొర్లుతాయి. దాంతో ఇరుసు తనంతట తానే మధ్యకు వస్తుంది. కారు చక్రాలకు ఈ సదుపాయం లేదు. వాటి కోణాలను మనమే సరిచేయాలి.

ముందు నుంచి చూసినప్పుడు చక్రం లోపలికో బయటికో వాలడాన్ని క్యాంబర్ అంటారు. పై నుంచి చూసినప్పుడు చక్రాల ముందు భాగాలు దగ్గరగానో దూరంగానో ఉండడాన్ని టో అంటారు. కారు కిందికి దిగితే లోయర్ ఆర్మ్, టై రాడ్ల కోణాలు మారతాయి, వాటితోపాటు ఇవీ మారతాయి. చాలా కార్లలో చక్రం పై భాగం లోపలికి వాలుతుంది. టైరును ఎక్కువగా తినేది మాత్రం టో. ఒక చక్రం అర డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే, ప్రతి కిలోమీటరుకూ టైరు 8.7 మీటర్ల మేర అడ్డంగా రాసుకుంటుంది. ఖరగ్‌పూర్ నుంచి 16వ నంబరు జాతీయ రహదారిపై శ్రీకాకుళం వైపు 600 కి.మీ. వెళితే, అది 5 కిలోమీటర్లకు పైగా అడ్డంగా ఈడ్చినట్టే. లోపలి అంచు అరగడం బయటి నుంచి కనబడదు. హైవే వేగంలో టైరు పేలాకే తెలుస్తుంది.

ఏ వరుసలో చూడాలి?

1. టైర్లలో గాలి సరిచేసి, కారును చదునైన నేల మీద నిలపండి. నాలుగు మూలల్లోనూ చక్రం మధ్య బిందువు నుంచి మడ్‌గార్డ్ అంచు వరకు కొలవండి. కుడి ఎడమల మధ్య బాగా తేడా ఉంటే స్ప్రింగు కొస దాని గాడిలో కూర్చుందో లేదో చూడాలి.

2. లోయర్ ఆర్మ్ బుష్‌ల బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, కారు దిగగానే రబ్బరు మెలిపడుతుంది. వాటిని వదులు చేసి, కారు బరువు చక్రాలపై ఉండగా మళ్లీ బిగించాలి. చాలామంది మరిచేది ఇదే.

3. నిండుగా మనుషులు కూర్చున్నప్పుడు బంప్ స్టాప్‌కు ఎంత చోటు మిగిలిందో చూడండి. చోటు లేకపోతే ఏ అలైన్‌మెంటూ ప్రయాణాన్ని మెత్తబరచదు.

4. కొన్ని రోజులు నడిపి స్ప్రింగులు కుదురుకున్నాకే అలైన్‌మెంట్ చేయించండి. ముందు క్యాంబర్, చివర టో. క్యాంబర్ మారిస్తే టో కూడా మారుతుంది కనుక ఈ వరుస తప్పకూడదు.

5. ఆ తర్వాత కూడా కారు ఒక పక్కకు లాగుతుంటే, ముందు టైర్లను కుడి ఎడమలు మార్చి చూడండి (ఒకే దిశలో తిరగాల్సిన టైర్లకు ఇది కుదరదు). లాగే దిశ మారితే తప్పు టైరుదే.

టైరుపై అరచేతితో రాసినా చాలా తెలుస్తుంది. ఒక వైపు రాస్తే నున్నగా, రెండో వైపు రంపంలా తగిలితే టో తప్పింది. లోపలి అంచు మాత్రమే నున్నగా అరిగితే క్యాంబర్‌ను అనుమానించాలి. గుంటలు గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బర్ చూపించాలి.

స్ప్రింగును మాత్రం ఇంట్లో విప్పకండి. నొక్కి ఉంచిన స్ప్రింగు జారితే ప్రాణం మీదికి వస్తుంది. మార్చాక హెడ్‌లైట్ల వాలు కూడా సరిచేయించాలి. మన రోడ్ల నిబంధనల్లో స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెం.మీ.; ఎన్నో దానికంటే ఎత్తుగానే ఉంటాయి. వాహనంలో మార్పులపై మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలు పెడుతుంది కాబట్టి, మార్చే ముందే రవాణా కార్యాలయంలోనూ, బీమా సంస్థలోనూ అడగడం మంచిది.

రైలు పెట్టె దగ్గర పాటించే క్రమమే కారుకూ వర్తిస్తుంది: ముందు కొలత, తర్వాత సర్దుబాటు, మళ్లీ కొలత. అన్నీ చేశాక కూడా బంప్ స్టాప్‌కు చోటు మిగలకపోతే, పాత స్ప్రింగులు మళ్లీ వేయించుకోవడమే సరైన మరమ్మతు.