ఫ్రిజ్ డోర్‌లో మిగిలిపోయిన చుక్కల మందు



ప్రతి నెలా పిల్లలకు హోంవర్క్ ఇస్తుంటాం. ఈ నెల మీకూ ఒకటి ఇస్తున్నాం. ఈ పేజీ చదివాక మీ ఇంట్లో ఫ్రిజ్ డోర్, మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. కళ్లకలకకు తెచ్చిన చుక్కల మందు, ఎప్పుడో చెవిపోటుకు వాడిన సీసా, సగం మిగిలిన దగ్గు సిరప్... వీటిలో ఒక్కటైనా దొరుకుతుంది. "డబ్బు పెట్టి కొన్నాం, మళ్లీ వస్తే పనికొస్తుంది" అని దాచినవే అవన్నీ.

చిక్కంతా ఆ "మళ్లీ వస్తే" దగ్గరే ఉంది. కన్ను ఎర్రబడటం, చెవిపోటు, ముక్కు దిబ్బడ, గొంతు నొప్పి అనేవి జబ్బుల పేర్లు కావు, లక్షణాలు మాత్రమే. ఒకే లక్షణం వెనుక మూడు నాలుగు కారణాలు ఉండొచ్చు. పోయినసారి మేలు చేసిన మందే ఈసారి కీడు చేయొచ్చు. ఒక్కొక్కటిగా చూద్దాం.

కన్ను: ఎరుపు ఒకటే, కారణాలు వేరు

2023 జులై, ఆగస్టు నెలల్లో మన రెండు రాష్ట్రాల్లోనూ కళ్లకలక ఎంతగా వ్యాపించిందో మీకు గుర్తుండే ఉంటుంది. కళ్లకలక చాలావరకు వైరస్ వల్ల వస్తుంది, వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. యాంటీబయాటిక్ చుక్కలు వైరస్‌ను చంపలేవు. చేతులు సబ్బుతో కడుక్కోవడం, టవల్, దిండు గలీబు వేరుగా ఉంచడం, తగ్గేదాకా బడికి పంపకపోవడం ముఖ్యం. చనుబాలు, ఆకుపసర్లు కంట్లో వేయొద్దు.

రెండోది అలర్జీ. రెండు కళ్లూ విపరీతంగా దురద పెడతాయి, పిల్లలు అదేపనిగా నలుపుకుంటారు. కొందరికి ఎండలు మొదలవగానే ఏటా తిరిగొస్తుంది. మూడోది దెబ్బ. పల్లెకు వెళ్లినప్పుడు వరి ఆకో, గడ్డిపరకో, చెట్టు కొమ్మో గీసుకుంటే నల్లగుడ్డు మీద పుండు పడొచ్చు. ఆ పుండులో ఫంగస్ చేరే ప్రమాదం ఉంది.

స్టిరాయిడ్ ఉన్న చుక్కలు వేస్తే ఈ మూడింటిలోనూ ఎరుపు త్వరగా తగ్గినట్టు కనిపించవచ్చు. అందుకే అవి అంత నమ్మకం పుట్టిస్తాయి. కానీ ఫంగస్ పుండు మీద అవి పడితే పుండు ఇంకా లోతుకు పోతుంది, మానాక కూడా తెల్లటి మచ్చ మిగిలి చూపు తగ్గొచ్చు. అలర్జీ పిల్లలకు డాక్టర్ పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి గ్లకోమా రావచ్చు. మనవాళ్లు నీటికాసులు అనేది దాన్నే. చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. అలా పోయిన చూపు తిరిగి రాదు.

స్టిరాయిడ్ చెడ్డ మందేమీ కాదు. ఆపరేషన్ తర్వాత, తీవ్రమైన అలర్జీలో కంటి డాక్టర్లే రాస్తారు. ఒత్తిడి పరీక్షిస్తూ, మోతాదు తగ్గిస్తూ ఆపిస్తారు. మనం చేయాల్సింది సీసా మీద పేరు చదవడం. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉంటే అది స్టిరాయిడ్. కొన్ని కంపెనీలు మామూలు యాంటీబయాటిక్ చుక్కలకూ, స్టిరాయిడ్ కలిపిన చుక్కలకూ ఒకే పేరు పెట్టి, రెండోదానికి చివర "డి" లాంటి ఒక అక్షరం మాత్రం చేరుస్తాయి. ఆ ఒక్క అక్షరమే చాలా తేడా.

చెవి: డిక్టేషన్‌లో తెలిసే సంగతి

జలుబు చేసిన రెండు మూడు రోజులకు, అర్ధరాత్రి చెవిపోటు. దాదాపు ప్రతి ఇంట్లో జరిగేదే. గొంతు వెనుక నుంచి మధ్య చెవికి వెళ్లే గొట్టం పిల్లల్లో పొట్టిగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి జలుబు తేలిగ్గా చెవికి పాకుతుంది. ఆ రాత్రికి పిల్లల బరువుకు తగిన మోతాదులో పారాసిటమాల్ ఇచ్చి నొప్పి తగ్గించవచ్చు. యాంటీబయాటిక్ కావాలో వద్దో డాక్టర్ చెవి లోపల చూసి చెబుతారు.

చెవి నుంచి చీము కారుతుంటే కర్ణభేరికి చిల్లు పడి ఉండొచ్చు. అప్పుడు వెల్లుల్లి వేసి కాచిన నూనె గానీ, పాత చుక్కల మందు గానీ పోయకండి. జెంటామైసిన్, నియోమైసిన్ వంటి మందులు ఆ చిల్లు గుండా లోపలి చెవికి చేరితే వినికిడి దెబ్బతినే ప్రమాదం ఉంది. బడ్స్ కూడా వద్దు. అవి గులిమిని బయటికి తీయవు, ఇంకా లోపలికి నెడతాయి.

నొప్పి లేకుండా వచ్చే ఇబ్బంది ఇంకొకటుంది. జలుబు తగ్గినా మధ్య చెవిలో జిగట ద్రవం నిలిచిపోతే, పిల్లలకు నీళ్లలో మునిగి వింటున్నట్టు ఉంటుంది. వాళ్లు ఆ మాట చెప్పలేరు. కానీ నేను డిక్టేషన్‌లో "థిన్" అంటే "ఫిన్" అని, "చిప్" అంటే "షిప్" అని రాసే పిల్లలు కొందరుంటారు. ఇంట్లో టీవీ సౌండ్ పెంచడం, పిలిస్తే పలక్కపోవడం, మాటిమాటికీ "ఆఁ?" అనడం కూడా దీని గుర్తులే. మందలించే ముందు వినికిడి పరీక్ష చేయించండి. చాలామందిలో ఆ ద్రవం మూడు నెలల్లోపు తగ్గిపోతుంది. తగ్గకపోతే ఇ.ఎన్.టి. డాక్టర్ దగ్గర చికిత్స ఉంది.

ముక్కు: ఐదు రోజుల గీత

ముక్కు దిబ్బడకు వేసే జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. కానీ వరుసగా ఐదు రోజులు దాటి వాడితే మందు ఆపగానే ముక్కు మరింత బిగుస్తుంది. అది తగ్గడానికి మళ్లీ చుక్కలు, మళ్లీ దిబ్బడ. పెద్దవాళ్ల సీసా పిల్లలకు అసలు వాడొద్దు. మామూలు జలుబుకు ఉప్పునీటి చుక్కలే క్షేమం.

అలర్జీ వల్ల వచ్చే తుమ్ములు, దిబ్బడకు డాక్టర్లు ఫ్లూటికసోన్, మొమెటసోన్ వంటి స్ప్రేలు రాస్తారు. ఇవీ స్టిరాయిడ్లే అయినా చెప్పిన మోతాదులో వాడితే రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. ఇవి నెమ్మదిగా పనిచేస్తాయి. రెండు రోజులకే "గుణం కనిపించలేదు" అని ఆపేయొద్దు.

ఒకే రంధ్రం నుంచి దుర్వాసనతో చీమిడి కారుతుంటే అది జలుబు కాదు, లోపల ఏదో ఇరుక్కుందని అనుమానించాలి. అది బొమ్మల్లో, గడియారాల్లో ఉండే బటన్ బ్యాటరీ అయితే గంటల్లోనే లోపలి పొరను కాల్చేస్తుంది. తెల్లారేదాకా ఆగకండి.

గొంతు: మధ్యలో ఆపకూడని కోర్సు

దగ్గు, ముక్కు కారడంతో వచ్చే గొంతు నొప్పి ఎక్కువగా వైరస్‌దే. గోరువెచ్చని ద్రవాలు, పారాసిటమాల్, విశ్రాంతి చాలు. దగ్గు లేకుండా హఠాత్తుగా జ్వరం, మింగలేని నొప్పి, మెడ దగ్గర బిళ్లలు కట్టడం ఉంటే స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా కావచ్చు. డాక్టర్ నిర్ధారించి అమాక్సిసిలిన్ వంటి మందు 10 రోజులు రాస్తే, మూడో రోజుకే జ్వరం తగ్గినా 10 రోజులూ వాడాలి. సరిగా చికిత్స అందకపోతే కొందరు పిల్లల్లో కొన్ని వారాలకు రుమాటిక్ ఫీవర్ వచ్చి గుండె కవాటాలు పాడవుతాయి. 5 నుంచి 15 ఏళ్ల మధ్య ఈ ముప్పు ఎక్కువ, అంటే సరిగ్గా మన బడి వయసు. ఈ కోర్సు పూర్తిగా వాడితే సీసాలో దాచడానికి పెద్దగా ఏమీ మిగలదు.

దగ్గు, జలుబు సిరప్‌ల విషయంలో ఇంట్లోని చిన్నపిల్లలను గుర్తుపెట్టుకోండి. క్లోర్‌ఫెనిరమైన్, ఫెనైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని లేబుల్ మీద ముద్రించాలని 2023 డిసెంబర్‌లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. అన్నకు రాసిన సిరప్ చెల్లికి పోయకండి.

చుక్కలు వేసే పద్ధతి

- కంటికి: చేతులు కడుక్కోండి. కింది రెప్ప కిందికి లాగి ఒక్క చుక్క వేయండి. సీసా మూతి కంటికి, వేలికి తగలకూడదు. కన్ను మూయించి ముక్కు పక్క మూల ఒక నిమిషం మెల్లగా నొక్కండి. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగండి.
- చెవికి: సీసాను కాసేపు అరచేతిలో పట్టుకుని చల్లదనం పోనివ్వండి. మూడేళ్లు దాటిన పిల్లలకు చెవి పైకి, వెనక్కి లాగి వేయండి. ఐదు నిమిషాలు పక్కకు తిప్పి పడుకోబెట్టండి.
- మూత తీసిన రోజే సీసా మీద పెన్నుతో తేదీ రాయండి. చాలా కంటి చుక్కలు తెరిచిన నెల తర్వాత పనికిరావు, గడువు తేదీ ఇంకా ఉన్నా సరే.

బడికి మందు పంపాల్సి వస్తే డైరీలో మందు పేరు, మోతాదు, వేళ రాసి, డాక్టర్ చీటీ జిరాక్స్ జత చేయండి. జలుబు మాత్రతో మత్తుగా ఉంటుందంటే అదీ రాయండి. క్లాసులో కునుకుతున్నది బద్ధకంతో కాదని మాకు తెలుస్తుంది.

ఇక మీ హోంవర్క్. తెరిచి నెల దాటిన చుక్కలు, కోర్సు ముగిశాక మిగిలిన యాంటీబయాటిక్స్, ఎవరికి ఎందుకు రాశారో గుర్తులేని సీసాలు పక్కకు తీయండి. పిల్లల చేతికి అందకుండా వాటిని ఈ ఆదివారమే వదిలించుకోండి. ఈసారి కన్ను ఎర్రబడితే ఫ్రిజ్ తలుపు కాదు, డాక్టర్ తలుపు తట్టండి.