ఫొటోలో వెలుగు, నీడ: హెచ్‌.డి.ఆర్‌. మితి

మనిషి కంటికి ఉన్న సర్దుబాటు గుణం కెమెరాకు లేదు. మిట్టమధ్యాహ్నం తాండూరు నాపరాతి గని అంచున నిలబడితే, పైన తళతళలాడే బండలూ, గుంతలో నీడపట్టున పనిచేసే మనుషులూ మన కంటికి కనబడతారు. కెమెరాలో ఆకాశానికి సరిపడా కాంతి పెడితే గుంత నల్లబడుతుంది. గుంతకు సరిపెడితే ఆకాశం సున్నం కొట్టినట్లు తెల్లబోతుంది.

ఈ చిక్కు పాతదే. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్‌ (1844–1905) పుట్టిన కొద్దికాలానికే, 1850ల్లో, ఫ్రాన్సులో గుస్తావ్‌ లె గ్రే సముద్రానికొక నెగెటివు, ఆకాశానికొక నెగెటివు తీసి రెంటినీ ఒకే కాగితంపై ముద్రించాడు. 1997లో పాల్‌ డెబెవెక్‌, జితేంద్ర మాలిక్‌లు వేర్వేరు ఎక్స్‌పోజర్ల ఫొటోలనుండి దృశ్యంలోని కాంతి విలువలను లెక్కగట్టే పద్ధతిని ప్రచురించారు. ఈ మార్గాన్నే హై డైనమిక్‌ రేంజ్‌, పొట్టిగా హెచ్‌.డి.ఆర్‌. అంటున్నాము.

చేసే పని ఇది. కెమెరాను స్టాండుపై బిగించి, ఎపర్చరు మార్చకుండా, సెకనులో 250వ వంతు, 60వ వంతు, 15వ వంతు చొప్పున మూడు ఫొటోలు తీయాలి. ప్రతిదానిలో ముందుదానికన్న సుమారు 4 రెట్లు కాంతి చేరుతుంది. మొదటిదాంట్లో ఆకాశం, మూడోదాంట్లో నీడ చక్కగా వస్తాయి. కంప్యూటరు మూడింటినీ కలిపి, మామూలు తెరకు సరిపోయేలా కుదిస్తుంది. ఈ కుదింపే టోన్‌ మాపింగ్‌. నేటి సెల్‌ఫోన్లు చాలావరకు ఇటువంటి పని మనం అడక్కుండానే చేసేస్తున్నాయి.

చెడేది ఈ కుదింపు దగ్గరే. మోతాదు మించితే వికారాబాదు అనంతగిరి గుట్టలమీది చెట్ల అంచుల చుట్టూ తెల్లని వలయాలు లేస్తాయి. అది పొద్దుటిపూటో, సాయంత్రమో పోల్చుకోలేము. మనిషి ముఖం ఉలితో చెక్కినట్లు తయారవుతుంది. బూడిద కలిసిన తాండూరు నీలిబండ సిరా పోసినట్లు అవుతుంది. ఆ ఫొటో చూసి ఇంటికి బండలు తెప్పించుకొన్నవాడి గతి ఏమిటి?

అంతకన్న పెద్ద నష్టం మరొకటి ఉంది. నీడ కూడా సమాచారమే. గని ఎంత లోతో, ఎండ ఎంత తీవ్రమో చెప్పేది నీడే. దానిని పూర్తిగా తుడిచేస్తే ఫొటోలో రాయి మిగులుతుంది, శ్రమ మాయమవుతుంది.

కనుక విద్యార్థి మిత్రులు హెచ్‌.డి.ఆర్‌.ను మానక్కర్లేదు, మితంగా వాడితే చాలు. దిద్దిన ఫొటో పక్కన అసలు ఫొటో పెట్టి చూడండి. వెలుగు ఎటునుండి వస్తున్నదో, అది ఏ పూటో ఇంకా తెలుస్తుంటే అక్కడే ఆపండి. రేపు గని మూతపడినాక, అక్కడ మనుషులు ఎంత ఎండలో పనిచేశారో చెప్పవలసింది ఆ ఫొటోయే!