ఒకే విమానం ఎక్కినా పన్ను లెక్కలు ఎవరివి వారివే

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా ఆయనకు అమెరికాలో ఉద్యోగం వచ్చింది. ఆగస్టు 20న ఆయన హెచ్-1బి వీసాపై, నేను హెచ్-4పై బయలుదేరుతున్నాం. నేను లెక్చరర్ ఉద్యోగం మానేశాను. ఇల్లు ఆయన పేరున ఉంది, అద్దెకిస్తున్నాం. ఫిక్స్‌డ్ డిపాజిట్లు నా పేరున ఉన్నాయి. ఇద్దరం కలిసి ఒకే రిటర్ను వేయొచ్చా?

జవాబు: మన దేశంలో కుదరదమ్మా. ఇక్కడి చట్టం దృష్టిలో భార్యాభర్తలు ఇద్దరు వేర్వేరు పన్నుదారులు. ఎవరి పాన్ వారిది, ఎవరి రిటర్ను వారిది.

మీ విషయంలో చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. ఉద్యోగం కోసం దేశం విడిచే పౌరుడు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజులు నిండక ముందే వెళ్తే ఎన్నారై అవుతాడు. ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 20 దాకా 142 రోజులే. కాబట్టి మీ ఆయన ఎన్నారై. ఈ వెసులుబాటు ఉద్యోగానికి వెళ్లేవారికే. వెంట వెళ్లేవారు ఆ ఏడాది 60 రోజులు, అంతకు ముందు నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడ ఉండి ఉంటే నివాసులే. అంటే ఈ ఏడాదికి మీరు నివాసి. 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలోనూ ఈ నియమం ఉంది.

తేడా డబ్బులోనే కనిపిస్తుంది. ఆయనకు ఇక్కడి ఆదాయం మీదే పన్ను. కానీ కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను లేకుండా చేసే రిబేటు ఆయనకు రాదు, అది నివాసులకే. అద్దె ఎంత తక్కువైనా, కిరాయిదారు 31.2 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. ఎక్కువ కట్‌ అయింది రిటర్ను వేస్తేనే తిరిగి వస్తుంది. మీకు రిబేటు వర్తిస్తుంది. అయితే అక్కడ మీ పేరు కలిపి బ్యాంకు ఖాతా తెరిస్తే ఇక్కడి రిటర్నులో విదేశీ ఆస్తుల కింద చూపాలి. ఆయన సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా మార్పించడం మరవకండి.

అమెరికాలో పన్ను సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు. అక్కడ దంపతులు కలిసి గానీ విడిగా గానీ రిటర్ను వేయొచ్చు. ఒకరికే సంపాదన ఉన్నప్పుడు సాధారణంగా కలిసి వేస్తేనే పన్ను తగ్గుతుంది. అక్కడ నివాసులుగా లెక్కించే 183 రోజులు మొదటి ఏడాది మీకు నిండవు కనుక ఉమ్మడి రిటర్నుకు ప్రత్యేక ఎంపిక కోరాలి. అది కోరితే జనవరి నుంచి ఇక్కడ సంపాదించిన జీతాలు, మీ డిపాజిట్ల వడ్డీ కూడా అక్కడ చూపాలి. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ మినహాయింపు అడగొచ్చు. ఉమ్మడి రిటర్నులో మీ గుర్తింపునకు ఐటీఐఎన్ సంఖ్య కావాలి. ఇక్కడి ఖాతాల మొత్తం ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఆ వివరం అక్కడి ప్రభుత్వానికి విడిగా తెలియజేయాలి.

ఉమ్మడి రిటర్నులో సంతకం పెడితే అందులోని పన్నుకు ఇద్దరూ పూర్తిగా బాధ్యులే. రూపాయి సంపాదించకపోయినా ఆ బాకీ మీ మీదకూ వస్తుంది. అందుకే చదవకుండా సంతకం పెట్టకండి, ప్రతి కాగితం నకలు దగ్గర పెట్టుకోండి.

బయలుదేరే ముందు ఆడిటర్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. న్యాయ సలహా కావాలంటే, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు మన దేశంలో ప్రతి మహిళకూ ఉంది. 15100కు ఫోన్ చేయండి.